మీ చెల్లెలికి మాత్రం చెప్పకండి

14వ తారీఖు

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ అంతా క్షేమమే, కారు తప్ప. మీ చెల్లెలికి నెలలు నిండాయి. డాక్టరమ్మ ఇరవయ్యో తారీఖు అంది. ఆసుపత్రి ఇరవై కిలోమీటర్లు. దారిలో బండి మొరాయించకూడదని నిన్న నేనే స్పార్క్ ప్లగ్గులు మార్చాను. అప్పట్నుంచి ఇంజను తిరుగుతుంది గానీ అంటుకోదు.

మీ చెల్లెలి మొగుడు

తా.క. మీ చెల్లెలికి మాత్రం చెప్పకండి. "మీకెందుకండీ ఆ ఇంజను" అని ముందే అంది.

15వ తారీఖు

బావకు,

వైర్లు నాలుగూ ఒకేసారి పీకేశారు కదూ? తారుమారై ఉంటాయి. కారుతో ఇచ్చిన పుస్తకంలో వరస చూసి పెట్టండి. అయినా చెల్లిని అడగండి. అది నా మెకానిక్ షెడ్డులోనే పెరిగింది.

మీ బావమరిది

తా.క. పాత ప్లగ్గులు పారెయ్యకండి. మీరు కొన్నవి నేను చూడలేదు.

17వ తారీఖు

బావగారూ,

వైర్లు తారుమారైన మాట నిజమే. సరిచేశాను. పాత ప్లగ్గులూ పెట్టి చూశాను. తిరగడమే తప్ప అంటుకోదు. నిన్న ఆమె "కారు బాగుందా?" అంది. "బంగారంలా ఉంది" అన్నాను. కాసేపు నా మొహంలోకి చూసి, కుట్టుపెట్టె తెచ్చుకుని గౌను కుడుతూ కూర్చుంది.

మీ చెల్లెలి మొగుడు

తా.క. మూడు రోజులే ఉన్నాయి. భయంగా ఉంది.

18వ తారీఖు

బావకు,

తాళం సగం తిప్పి వినండి. వెనక సీటు కింద పెట్రోలు పంపు గుయ్యిమనాలి. అనకపోతే దాని ఫ్యూజు మాడిందేమో చూడండి.

మీ బావమరిది

తా.క. చెల్లిని అడగమని మళ్ళీ చెబుతున్నాను.

19వ తారీఖు

బావగారూ,

పంపు గుయ్యిమనలేదు. ఫ్యూజు మాడలేదు, అసలు లేనే లేదు! నేను దాన్ని ముట్టుకోలేదు, ఒట్టు. దొంగెవడో పట్టుకుపోయాడు. లోపల్నుంచి పిలుస్తోంది, నొప్పులట, నేనిప్పుడు

21వ తారీఖు

అన్నయ్యా,

ఆయన సగంలో వదిలేసిన ఉత్తరం దీంతోపాటే పంపుతున్నాను. దొంగను నేనే. తాళం ఎవరో తిప్పితే ఇంజను అంటుకుని నీ వేలు పోయాక మన షెడ్డులో పెట్టుకున్న కట్టుబాటు గుర్తుందిగా? ఒకరు ఇంజనులో చెయ్యి పెడితే పక్కవాళ్ళు ఆ ఫ్యూజు తీసి దాచాలి. పనయ్యాక అడిగితేనే ఇవ్వాలి. ఈయన అడిగితేగా! ఆరు రోజులు చూశాను. నొప్పులు మొదలయ్యాక గుమ్మంలో నిలబడి, "కారు కదలదు, నేనే పాడుచేశాను" అని ఏడ్చారు. కుట్టుపెట్టె తెరిచి ఫ్యూజు చేతిలో పెట్టాను. ఒక్క తిప్పుకే అంటుకుంది. నీకు మేనకోడలు పుట్టింది.

నీ చెల్లి

తా.క. ఊయల తనే బిగిస్తానంటున్నారు. స్క్రూడ్రైవరు కుట్టుపెట్టెలో ఉంది. ఈసారైనా అడుగుతారేమో చూడాలి.