బాపు కిడ్నీలో రాయి

హుస్సేనీ ఆలం

తాహిర్ భాయ్,

నీ స్కాన్ ఫోటో ముత్యాల దుకాణాలన్నిటికీ తిప్పి చూపిస్తున్నావట. ప్రోస్టేట్‌లో జొన్నగింజంత క్యాన్సర్‌ని ముందే పట్టేశారని వింటే సంతోషపడాల్సింది పోయి నాకు కడుపు మండింది.

ఆ కొత్త స్కాన్ పరిశోధనకు ఇద్దరం కలిసే వెళ్లాం. తండ్రికి ఈ జబ్బు ఉన్నవాళ్లనే తీసుకుంటామన్నారు.

"మా అబ్బా గిదే క్యాన్సర్‌తోని పోయిండు" అన్నావు, నిన్ను తీసుకున్నారు.

నువ్వు పక్కనే ఉన్నావని నేను, "మా బాపుకు కిడ్నీల రాయి ఉండె" అన్నాను. ఇంటికి పంపేశారు.

బజారులో ఎవరూ ఏమీ అనుకోకూడదని ఆ రాయిని మా అమ్మే పుట్టించింది. ముప్పై ఏళ్లుగా నువ్వూ నమ్మావు.

ఈసారి వెళ్లేటప్పుడు నన్నూ తీసుకుపో. బాపుది రాయి కాదు భాయ్.

నిన్ను చూసి ఇంకా కుళ్లుకుంటున్న
నీ పక్క దుకాణం వాడు