నాలుగో ముక్క

అమ్మాయీ!

మన వాలీబాల్ కోర్టుకి పరిచే నేల దొరికింది! ఆశీస్సులు కింద రాస్తాను, ముందు ఇది విను. నువ్వు మీ కంపెనీ నుంచి పంపిన నాలుగు నమూనా ముక్కలూ పెరట్లో కుళాయి కింద పరిచి, నెల రోజులు ఎండకీ వానకీ వదిలేశాను. ఆకుపచ్చది పాచి పట్టింది. నీలందాని మీద పక్కింటి రిటైర్డు కండక్టరు జర్రున జారాడు, రెండు రోజులు నాతో మాటల్లేవు. ఎర్రది బంగారమే గాని, ధర వినగానే మా క్లబ్బు కమిటీ దాన్ని చుట్టి పక్కన పెట్టేసింది. ఇక నల్లదుంది చూశావూ! బకెట్టు నీళ్లు కుమ్మరిస్తే కుమ్మరించినట్టే దిగిపోయాయి. ఈ వయసులో నేను దాని మీద ఎగిరి దూకాను!

వానవల్ల మన కోర్టులో రెండు వాలీబాల్ మ్యాచులు ఆగిపోయాయి. మూడోదీ ఆగితే క్లబ్బుని లీగు నుంచి తీసేస్తారు. నల్లదే కావాలని కమిటీ అంతా చేతులెత్తింది. వెంటనే పంపించు.

నిండా ఆశీస్సులతో,
నాన్న

తా.క.: కండక్టరు రెండు చేతులూ ఎత్తాడు.

* * *

నాన్నగారికి నమస్కారాలు.

కొంప ముంచారు! నేను పంపినవి మూడే. నల్లది ఆ మూడూ నలగకుండా చుట్టిన చాప! పాత టైర్ల తుక్కుతో చేస్తారు. అసలు నేలకి అడుగున వేస్తాం, విడిగా ఎవరికీ అమ్మం. ఇంకెవరికీ చెప్పకండి. ఎర్రదానికే ధర తగ్గించమని అడుగుతాను.

మీ అమ్మాయి

తా.క.: ఎగిరి దూకడమేమిటి? అమ్మ చూస్తూ ఊరుకుందా?

* * *

అమ్మాయీ,

అర్థమైంది తల్లీ. ఉద్యోగస్తురాలివి, పైకి చెప్పలేవు. మంచి సరుకు అడుగున దాచేసి, రంగులద్దినవి మా నెత్తిన రుద్దుతున్నాడన్నమాట మీ మేనేజరు! నీకెందుకు ఇబ్బందని నేనే ఆయనకి నాలుగు పేజీలు రాసి పడేశాను. "చుట్టేది పరవండి, పరిచేదాన్ని చుట్టుకోండి" అన్నాను. నీ పేరు ఎక్కడా రానివ్వలేదు.

ధైర్యంగా ఉండు,
నాన్న

తా.క.: ఎవరు రాశారో ఆయనకి తెలియాలిగా? అందుకని చివర్లో "మీ ఆఫీసులో పనిచేసే అమ్మాయి తండ్రి" అని సంతకం పెట్టాను.

* * *

నాన్నగారికి,

మేనేజరు గారు గదిలోకి పిలిచారు. బల్లమీద మీ ఉత్తరం. ఆయనేమో నల్ల చాప తెప్పించి, బకెట్టు నీళ్లు పోయించి, బూట్లు విప్పి దూకారు! "ఇన్నాళ్లూ దీన్ని కింద పడేసి ఉంచాం కదమ్మా" అన్నారు. ఎర్రదాని ధరలో నాలుగో వంతుకే ఇస్తారట. ముందు కంకర పరిపించి, అంచుల్లో కాలువ తీయించండి. షరతొక్కటే: కొనేవాళ్లని తీసుకొచ్చి మీ కోర్టే చూపిస్తారు.

మీ అమ్మాయి

తా.క.: ఆ నాలుగు పేజీలూ ఆఫీసంతా చదివింది. నేను రెండు రోజులుగా క్యాంటీనుకి వెళ్లకుండా నా సీటు దగ్గరే భోజనం చేస్తున్నాను.

* * *

అమ్మాయీ!

ఓడిపోయాం! వరుసగా మూడు సెట్లూ ఓడిపోయాం! నిన్న మూడో మ్యాచుకి ముందు గంటసేపు కుండపోతగా కురిసి వెలిసింది. అవతలి జట్టు "ఇంకేం ఆటలే" అంటూ సంచులు సర్దేసుకుంటోంది. రిఫరీ వంగి, కొత్తగా పరిచిన మన నల్ల కోర్టుకి అరచేయి ఆనించాడు. చెయ్యి తడైంది గాని నీళ్లు చుక్క నిలవలేదు. విజిలు ఊదేశాడు తల్లీ! మనవాళ్లలో ఒక్కడూ జారలేదు, ఒక్క బంతీ సరిగా కొట్టలేదు. వానొస్తే ముసుగుతన్ని పడుకునేవాళ్లకి ప్రాక్టీసు ఎక్కడిది? అయితేనేం, ఆట ఆగలేదు, క్లబ్బు లీగులోనే ఉంది! ఇవాళ పొద్దున చినుకుల్లోనే జట్టంతా కోర్టు మీదుంది.

ఈ సంగతి పెద్దత్తయ్యకి చెప్పు. చిన్నాన్నకి చెప్పు. మేనమామకి స్కోరు దాచి చెప్పు. పిన్నికి చెబితే ఆవిడ తోడికోడళ్లకి వేరే చెప్పక్కర్లేదు. అల్లుడుగారికి, వియ్యంకుడుగారికి, వియ్యపురాలుగారికి నా మాటగా చెప్పు. మీ అమ్మకి మాత్రం మళ్లీ గుర్తు చెయ్యకు, మూడో సెట్టులో రిఫరీతో దెబ్బలాటకి దిగింది ఆవిడే.