పన్నెండు పేర్లు, ఒక చెక్కబిళ్ళ

సోమవారం, 3 మార్చి 2014

బోర్డు నాకే ఇచ్చారు! లైబ్రరీ బయట ఉండే నల్లబోర్డు. రోజూ అసెంబ్లీకి ముందు దానిమీద తెలుసుకోదగ్గ విషయం ఒకటి రాయాలి. భాష, చరిత్ర, సంస్కృతి, ఏదైనా సరే. టర్మ్ అంతా నాదే.

ఈరోజు రాసింది: ఇంగ్లిష్ వాళ్ళ పొద్దుటి ఏడు గంటలు మన రుటోరో భాషలో ఒంటిగంట. మన లెక్క సూర్యుడితో మొదలవుతుంది. ఇద్దరు టీచర్లు ఆగి చదివారు. చాక్‌పొడి చేతులు కడుక్కోబుద్ధి కాలేదు.

మంగళవారం, 4 మార్చి

ఈరోజు ఎంపాకో గురించి రాశాను. మన టోరో రాజ్యంలో ప్రతి మనిషికీ సొంత పేరు కాక ఒక ఎంపాకో ఉంటుంది. అవి మొత్తం పన్నెండే, అందరమూ వాటినే పంచుకుంటాం. పలకరింపు దానితోనే మొదలవ్వాలి. యునెస్కో జాబితాలో కూడా చేరింది. కింద పన్నెండు పేర్లూ వరసగా రాశాను. అబ్వోలి దగ్గర కొంచెం పెద్ద అక్షరాలు పడ్డాయి. అది నాది.

డిప్యూటీ హెడ్‌మాస్టర్ బాలింద సార్ వచ్చి తన రుమాలుతోనే తుడిచేశారు. జనరల్ నాలెడ్జ్ అంటే ప్రపంచం గురించమ్మా, మీ అమ్మమ్మ పొయ్యి దగ్గర చెప్పే కబుర్లు కాదు అన్నారు. యునెస్కో ప్రపంచంలో లేదా సార్ అన్నాను. పక్కనున్న నా నేస్తం న్యామ్విజా నా చెయ్యి గట్టిగా గిల్లింది, నోరు మూసుకోవే అని.

ఆలస్యమైపోయింది. చెక్కబిళ్ళ నా మెడలో పడింది.

బడిలో అలాంటిది ఒక్కటే ఉంది. సొంత భాష మాట్లాడినా, రాసినా మెడలో వేస్తారు. వేసుకున్నవాళ్ళు ఇంకొకరు మాట్లాడుతుండగా పట్టుకుని వాళ్ళ మెడలోకి మార్చాలి. సాయంత్రం ఎవరి దగ్గర మిగిలితే వాళ్ళు మరుగుదొడ్లు కడగాలి.

కడిగాను.

బుధవారం, 5 మార్చి, మధ్యాహ్నం

మెడలో బిళ్ళతో నేను దగ్గరికి వెళ్తే చాలు, అందరూ నోళ్ళు కుట్టేసుకుంటున్నారు. న్యామ్విజా కూడా. నేనేమన్నా పోలీసునా?

కుళాయి దగ్గర చిన్న క్లాసు పిల్ల జారిపడింది. మోకాలు చీరుకుపోయి, అమ్మా అని మన భాషలోనే ఏడ్చింది. నన్ను చూసి చప్పున ఏడుపు మింగేసింది. మోకాలు వదిలేసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఈ బిళ్ళ నేను ఎవరికీ ఇవ్వను.

గురువారం, 6 మార్చి

ఆ మాట న్యామ్విజాతో చెప్పాను. పిచ్చా నీకు, రోజూ దొడ్లు కడుగుతావా అంది. ఒక్క నిమిషం ఆలోచించింది. తర్వాత పడీపడీ నవ్వింది. ఒసేయ్ అబ్వోలీ, ఉన్నది ఒక్క బిళ్ళ, అది నీ మెడలోంచి కదలకపోతే ఇక మమ్మల్ని పట్టుకునేదెవరే అంది.

భోజనాల వేళకి బడంతా పాకిపోయింది. మొక్కజొన్న పిండితో పోషో వండే గది దగ్గర వరసలో నిలబడి అందరూ రుటోరోలోనే! తిట్టుకుంటున్నారు, పాడుతున్నారు, లెక్కలు కూడా చెప్పుకుంటున్నారు. కొండ అవతలి ఊళ్ళ పిల్లల నోట నేనెప్పుడూ వినని మాటలు వచ్చాయి. నోట్‌బుక్కులో పదిహేడు రాసుకున్నాను. ఇన్ని మాటలు ఇన్నాళ్ళూ పళ్ళ వెనకాల ఎలా దాచుకున్నారో!

బాలింద సార్ నన్ను పిలిచారు. రేపు ఉదయానికి బిళ్ళ చేతులు మారకపోతే ఇంటివాళ్ళను రప్పిస్తాను, బోర్డు రుసోకేకి ఇచ్చేస్తాను అన్నారు. రుసోకే నా క్లాసే, నా తర్వాతి ర్యాంకు. పరీక్ష ఇంగ్లిష్‌లో ఉంటుంది కబాసిండీ, మీ బాగు కోసమే అని కూడా అన్నారు, నా సొంత పేరు పెట్టి, కొంచెం మెత్తగా.

ఒక్క పేరు చెబితే బోర్డు నాకే ఉంటుంది. మూడొందల పేర్లు ఉన్నాయి నా దగ్గర.

చెప్పనన్నాను.

శుక్రవారం, 7 మార్చి

అమ్మమ్మ వచ్చింది. కొత్త చీటీగుడ్డ చుట్టుకుని, మూడు మైళ్ళు నడిచి. సార్ ఇంగ్లిష్‌లో కూర్చోమన్నారు. ఆవిడ కూర్చోలేదు. నాయనా, నీ ఎంపాకో ఏమిటి అని అడిగింది. సార్ కుర్చీ చూపించారు. ఆవిడ చెయ్యి చాపి నిలబడే ఉంది. నిన్నేమని పిలవను, గోడను పలకరించినట్టు పలకరించనా అంది. పెద్దావిడ చెయ్యి గాల్లోనే ఉంది. టోరోలో పుట్టినవాడెవడూ దాన్ని అలా వదిలెయ్యలేడు.

అరాలి అన్నారు సార్, గొణిగినట్టు.

ఆవిడ ఆయన రెండు చేతులూ పట్టుకుంది. అరాలీ, ఇప్పుడు చెప్పు, ఇదేం చేసింది అంది. ఆయన చెప్పడం మొదలుపెట్టారు. ముందు నెమ్మదిగా, తర్వాత కోపంగా, మొత్తం రుటోరోలోనే. ఎంత చక్కగా మాట్లాడతారో! అంతా విని, ఇంతేనా, దీనికా అరాలీ నా మోకాళ్ళు అరగదీశావు అంది అమ్మమ్మ.

బిళ్ళ తీసి ఆయన బల్లమీద పెట్టాను. నాకు పట్టుబడింది ఆయనొక్కరే. ఆయన దానివంక చూశారు, నావంక చూశారు. సొరుగు తెరిచి అందులో పడేశారు.

బోర్డు మాత్రం రుసోకేకే అన్నారు. ఇంగ్లిష్‌లో.

శనివారం, 8 మార్చి

ఏడ్చాను. కొంచెమే.

సోమవారం, 10 మార్చి, ఒంటిగంట

చాక్‌పీస్ లేదు. అసెంబ్లీ నేల ఉంది. రాత్రి వానకి మెత్తబడింది. కర్రతో పన్నెండూ రాశాను, ఒక్కోటి మనిషంత.

గంట కొట్టారు. ఎవరూ క్లాసుల వరసలో నిలబడలేదు. ఎవరి పేరు దగ్గర వాళ్ళు నిలబడ్డారు. రుసోకే చాక్‌పీస్ జేబులో వేసుకుని అపూలి దగ్గరికి వెళ్ళాడు. ఒకాలి అనే పేరు రాజుగారొక్కరిదే. అక్కడ ఎవరూ లేరు.

బాలింద సార్ ఎదురుగా గట్టుమీద ఉన్నారు. బూట్లవంక చూసుకుంటున్నారు, నేలవంక చూస్తున్నారు. అరాలి దగ్గర కుర్రాళ్ళు కొంచెం జరిగి చోటిచ్చారు.