పెద్దులు పాటకు ఢావ్లో

అక్టోబర్ 12, ఆదివారం

వచ్చే నెల మహబూబాబాద్‌లో పెద్దులు గారి పాటల పండుగ, పోటీ కూడా ఉంది. నర్మెట్ట పెద్దులు పోయి ఏళ్లు గడిచినా ఆయన రాసిన యేసు పాటలు పాడని చర్చి ఈ చుట్టుపక్కల లేదు. జనగామ వాళ్లు కీబోర్డుతో, భూపాలపల్లి వాళ్లు డ్రమ్స్‌తో పాడతారట. మా క్వయర్ లీడర్ యుగేందర్ అన్న నన్ను సోలో పాడమన్నాడు. సర్వం విడిచి ప్రభువు వెంట వెళ్లే పాట ఇచ్చాడు. కొత్తగా ఉండాలట. నేనేమైనా మ్యూజిక్ డైరెక్టర్‌నా?

అక్టోబర్ 19

దొరికింది. ఢావ్లో. మా లంబాడీ తండాలో పెళ్లికూతురు అత్తారింటికి పోయేముందు ఒక్కొక్కరి మెడ పట్టుకుని ఏడుస్తూ పాడేది. యాడి, అంటే మా అమ్మ, నా పెళ్లికని చిన్నప్పుడే నేర్పింది. పెద్దులు గారి మాటలు ఆ రాగంలో చక్కగా కుదిరాయి. పాడి వినిపిస్తే అన్న కళ్లు తుడుచుకున్నాడు. నాకు గర్వంగా ఉంది, దాచుకోను.

అక్టోబర్ 26

కురవి దగ్గర మా తండాకు పోయాను. నేను బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి యాడి నా పాట వినలేదు. ఒక్కసారి రమ్మని బతిమాలాను. ఏ రాగమో చెప్పలేదు, సర్‌ప్రైజ్. వస్తానంది. ఆమె వస్తే చాలు, ప్రైజ్ ఎవరికొస్తే నాకేం.

నవంబర్ 8, సాయంత్రం

యాడి వచ్చింది, అద్దాల రవికె తొడుక్కుని. రెండో చరణంలో వెనక వరుస నుంచి లేచి నేరుగా స్టేజీ మీదకే వచ్చింది. నా మెడ చుట్టూ చేతులు వేసి, పెళ్లికూతురి తల్లిలాగే ఏడుస్తూ బదులు పాడింది. హాలంతా లేచి హల్లెలూయ అంది. ప్రభువు ఆమెను ముట్టాడని పాస్టర్ గారు మైకులో చెప్పారు. నేనూ అదే అనుకున్నాను. ఇంత సంతోషం నాకెప్పుడూ లేదు.

దిగేటప్పుడు చేయి పట్టుకుంటే మెల్లగా విడిపించుకుంది.

నవంబర్ 10

ఫోన్ ఎత్తడం లేదు.

నవంబర్ 13

తమ్ముడు కుమార్ ఫోన్ చేశాడు. యాడి నా బట్టలన్నీ ఉతికి మూటగట్టిందట. ఎందుకని వాడడిగితే, అక్కను సాగనంపి వచ్చాను కదా అందట. ఢావ్లో పాడి వెళ్లిన పిల్ల ఇక ఆ ఇంటి పిల్ల కాదట.

నేను రాగం ఒక్కటే తీసుకున్నాననుకున్నాను. పోతున్నానని నేనే ఆమె ముఖం మీద పాడాను. ఎంత తెలివితక్కువదాన్ని! ఏడుపు ఆగడం లేదు. యుగేందర్ అన్నకు చెబితే, పండుగలో తీసిన మా వీడియోకు ఎన్ని వ్యూస్ వచ్చాయో చెప్పాడు.

నవంబర్ 16

తండాకు పోయాను. యాడి చెంబుతో నీళ్లిచ్చింది. మంచం మీద కొత్త చద్దరు పరిచింది.

"మంచిగున్నవా బిడ్డా? జర కూసో, తిని పోదువు" అంది, తెలుగులో.

యాడి తెలుగు మాట్లాడేది బయటివాళ్లతోనే.