తెల్లగా మొలిచిన జొన్న

బీబీపేట,
ఆగస్టు 1938

పట్నం ఆస్పత్రిలో కొలువున్న నా భర్త స్వామిదాసు గారికి మరియ నమస్కారాలు. ప్రభువు దయవల్ల నేనూ అత్తమ్మా బాగున్నాము. మీరూ అలాగే ఉన్నారని తలుస్తాను.

అత్తమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగారు. వానలు పట్టాక ఎక్కువైంది, అయినా చేనుకు వెళ్లకుండా ఉండదు.

మీరు పంపిన జొన్నల సంగతీ అడిగారు. మీ డాక్టరుగారు ఎక్స్‌రే యంత్రం ముందు పెట్టిన ఆ విత్తులు నిరుడు అందరి జొన్నలాగే పచ్చగా పెరిగాయి. ఆ పంటలో ఒక కంకిని అత్తమ్మ విడిగా దాచింది. ఈసారి వానలు ఆలస్యమై, ఈ నెల మొదట్లో దాని గింజల్ని గట్టు పక్కన ఒక చాలుగా విత్తింది.

కొన్ని మొలకలు తెల్లగా వచ్చాయి. ఎండిన తెలుపు కాదు, పాల తెలుపు. పక్క చేను ఎల్లయ్య వంగి చూసి, "పురుగు లేదు, తెగులు లేదు. పుట్టుడే గిట్ల పుట్టినయి" అన్నాడు. అప్పటినుంచి కలుపు తీసేవాళ్లు ఆ చాలు వదిలేసి పోతున్నారు.

మీరు వ్రాసింది అప్పుడు అర్థమైంది. ఆ కిరణాలు విత్తు లోపలి కణాలకు తగిలితే, తల్లి నుంచి బిడ్డకు దిగే గుణాల్లో ఏదో ఒకటి మారిపోవచ్చనీ, మొదటి పంటలో దాగి దాని బిడ్డల్లో బయటపడవచ్చనీ వ్రాశారు. జొన్నల ముచ్చటే కదా అనుకున్నాను.

ఇన్నాళ్లూ మీకు చెప్పని మాట ఒకటుంది. ఈస్టరుకు మీరు వచ్చి వెళ్లాక నాకు నెల తప్పింది. మీరు వచ్చినప్పుడు చెబుదామని ఆగాను. మొన్న పొద్దు గూకే వేళ ఆ చాలు దగ్గర నిలబడ్డాను. మసక చీకట్లో తెల్ల మొలకలు మాత్రమే కనబడుతున్నాయి. అప్పుడే కడుపులో బిడ్డ మొదటిసారి కదిలింది. నాకు సంతోషం రాలేదు. ఈస్టరుకు వచ్చినప్పుడు చూసిన, చీలిన మీ గోళ్లు గుర్తొచ్చాయి. రోజూ ఆ యంత్రం పక్కనే కదా మీరు నిలబడేది.

"ఏందే, కడుపు మీద చెయ్యి పెట్టుకున్నవ్?" అంది అత్తమ్మ. అంతా చెప్పాను. అత్తమ్మ ఆ చాలు వైపు చూసింది.

"బిడ్డ మంచిగనే పుడ్తదా?"

"పుట్టొచ్చు అత్తమ్మా. నిరుడు జొన్న గూడ మంచిగనే మొలిసింది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నా కొడుకును ఆ మిషిను అర్రల నుంచి ఎల్లి రమ్మని రాయి" అంది.

మా అన్న అబ్రాహాము కామారెడ్డి స్టేషనులో మీకు పని చూస్తానన్నాడు. రండి.

తెల్లవన్నీ వాలి చచ్చిపోయాయి. పచ్చవి జానెడు పెరిగాయి. వాటిలో ఏది ఏం దాచుకుందో పైకి తెలియదు. వాటినీ పీకేస్తానని వెళ్లిన అత్తమ్మ, చేతులు రాక తిరిగి వచ్చింది.

ఇట్లు,
మీ కోసం కనిపెట్టుకుని ఉన్న భార్య,
మరియ