వెనక నుంచి పిలిస్తే

చామోర్షిలో పంతులుగా ఉన్న మా సంకేత్ అన్నకు, రేగుంట నుంచి చెల్లె రాసేది.

నా బిడ్డ మానసను ఒకసారి పరీక్ష చేయించండని బడిలో అడిగి ఏడాది దాటింది. మొన్న సిరోంచా నుంచి పిల్లలను పరీక్ష చేసే మేడం వచ్చింది. తల వంచుకుని రాసుకుంటూనే పిల్లను మరాఠీలో ఏవేవో అడిగింది. మానస ఆమె నోటి వైపే చూస్తూ కూర్చుంది. మేడం నాతో మాత్రం తెలుగే మాట్లాడింది. "పిల్లకు బుద్ధి ఎదగలే. అసుంటి పిల్లల హాస్టల్ బడికి తోలుండ్రి, జల్ది సంతకం పెట్టుండ్రి" అన్నది. ఇన్నాళ్లూ లేని తొందర ఇప్పుడెందుకు? ఆ హాస్టల్లో పిల్లలు తక్కువపడ్డారేమోనని నా అనుమానం.

మన దుకాణంలో గిరాకి ఎదురుగా నిలబడి ఉప్పు అడిగితే మానస ఉప్పే ఇస్తుంది, బెల్లం అడిగితే బెల్లమే. అటు తిరిగి ఉన్నప్పుడు పిలిస్తే మాత్రం పలకదు. మా ఇంటాయన "మొండిది, ఇనబడనట్టు చేస్తది" అంటాడు. నాకు అట్లా అనిపించడం లేదు.

సోమవారం మేడం మళ్లీ వస్తుంది. నువ్వు వచ్చి పక్కన కూర్చో. ముందు చెవులు చూడమని నువ్వే చెప్పు, నా మాట లెక్కచేయరు.

నువ్వూ నా మాట నమ్మకు. వచ్చీ రాగానే మానస వెనక నిలబడి పేరు పెట్టి పిలువు. తిరిగి చూసిందంటే ఆ సంతకం నేనే పెడతాను.