వంకగట్టు ఈతచెట్టు

మట్టల ఆదివారం రాత్రి, 1984

వంక ఇసుకలో తవ్వుకున్న చెలమ ఒక్కటే మాకు తాగునీళ్లు. పక్కనున్న వంకగట్టు విరిగి దాంట్లో పడకుండా పట్టుకున్నది మిగిలిన ఒక్క ఈతచెట్టు. అందుకే పోయిన వారం చర్చిలో లేచి చెప్పినాను, దేవుడిచ్చిన నేలను కాపాడడం కూడా ఆరాధనే, ఈ పండగకు మట్టలు కొట్టకుండా వేపరెమ్మలు పట్టుకుందామని.

"వేపరెమ్మలా? ఇదేమన్నా అమ్మవారి జాతర అనుకుంటివా?" అని సంతోషమ్మత్త అనేసరికి అందరూ నవ్వినారు. పాస్టరు అయ్యగారు మాత్రం, "పాప చెప్పింది నిజమే, ఎవరూ చెట్టు ముట్టొద్దు" అన్నారు.

ఈ పొద్దున నాయన, ముళ్లు గీరుకుపోయిన చేతులతో, లేత మట్ట తెచ్చి నాకిచ్చినాడు. అది చెట్టు నడినెత్తిన చిగురేసే మొవ్వులోది.

"యాడిది నాయనా?"

"యాడిదేంది, వంకదే. మనింట్లో అక్షరం వచ్చింది నీకొక్కదానికే. వాక్యం చదివే దినం వట్టి చేతుల్తో నిలబడతావా?"

"కొట్టొద్దని చెప్పినా కదా!"

"అది ఊరికి చెప్పినావులే."

మొవ్వు తీస్తే ఈతచెట్టు బతకదు. నాయనకూ తెలుసు. ఆ మట్ట పట్టుకునే చర్చిలో వాక్యం చదివినాను. వెనక వరసలో నాయన కండ్లు తుడుచుకుంటాండాడు. మిగతా వాళ్లంతా మట్టనే చూస్తాండారు. ఇంక నా మాట ఎవరు వింటారు?

చెట్టు ఎండితే తొలి వానకే గట్టు విరిగి చెలమ పూడిపోతుంది. ఈ రాత్రి ప్రతి ఇంట్లో వాన కోసం ప్రార్థన చేయమన్నారు అయ్యగారు. పక్కన అమ్మా నాయనా మోకాళ్ల మీద ఉన్నారు. నాకు నోరు రావడం లేదు, ప్రభువా.